పత్యం విడిచే రోజు



కొన్నేళ్ల కిందట ఒక పదహారేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చింది. అబ్బాయి ఇంటర్‌లో చేరాడు. హాస్టల్లో ఉండాలి. "మేడమ్, వీడికి గుడ్డు పడదు. హాస్టల్ వాళ్లకి చూపించడానికి ఒక చీటీ రాసివ్వండి" అని అడిగింది. ఎప్పటినుంచి పడదమ్మా అన్నాను. ఆవిడ సంచీలోంచి పాత ఫైలు తీసింది. అందులో మడతల దగ్గర చిరిగిపోయిన మందుల చీటీ ఒకటి. "గుడ్డు ఆపాలి" అని ఉంది. రాత చూస్తే నాదే. తేదీ చూస్తే, ఆ అబ్బాయికి అప్పటికి పదకొండు నెలలు.

గుడ్డు ఆపాలి అని రాశాను. ఎప్పటిదాకా ఆపాలో రాయలేదు. మళ్లీ ఎప్పుడు వచ్చి చూపించుకోవాలో రాయలేదు. ఆ తల్లి నా మాట మీద నమ్మకంతో పదిహేనేళ్లు వాడి నోటికి గుడ్డు తగలనివ్వలేదు. పుట్టినరోజుకి కేకు లేదు. బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజున వాడు దూరంగా వెళ్లి కూర్చునేవాడట. సరే, పరీక్షలు చేయించాం. ఆసుపత్రిలో మా కళ్లెదుట కొద్దికొద్దిగా గుడ్డు తినిపించాం. ఏమీ కాలేదు. వాడి అలర్జీ ఎప్పుడో పోయింది. నాలుగో ఏట పోయిందో, ఆరో ఏట పోయిందో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ చూడలేదు. చూడమని నేను చెప్పలేదు.

ఆ చీటీ గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అప్పటినుంచి ఏ బిడ్డకైనా ఒక తిండి ఆపమని రాస్తే, దాని పక్కనే ఇంకో మాట కూడా రాస్తున్నాను. మళ్లీ ఎప్పుడు చూద్దామో ఆ నెల, ఆ సంవత్సరం. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఆ రెండో మాట గురించే. పడదని ఆపేసిన తిండిని బిడ్డకు మళ్లీ ఎలా పెట్టాలి? ఎప్పుడు పెట్టాలి? ఎక్కడ పెట్టాలి?

ముందు ఈ "పడదు" అనే మాట సంగతి చూద్దాం. మనం చాలా వాటికి ఈ ఒక్క మాటే వాడతాం. వంకాయ తింటే దురద, పడదు. పాలు తాగితే కడుపుబ్బరం, పడదు. ఐస్‌క్రీమ్ తింటే జలుబు, పడదు. కానీ ఇవన్నీ అలర్జీలు కావు. పాలలో ఉండే చక్కెర అరక్క కడుపు ఉబ్బడం వేరు. పాలలో ఉండే మాంసకృత్తుల్ని, అంటే ప్రొటీన్లని, శరీరం శత్రువనుకుని వాటి మీద విరుచుకుపడడం వేరు. ఈ రెండోదే అలర్జీ. ఆ పేరు పెట్టింది కూడా ఒక పిల్లల డాక్టరే. వియన్నా నగరంలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే ఆయన 1906లో ఈ మాట పుట్టించాడు.

ఈ అలర్జీ పిల్లల్లో రెండు తీరులుగా కనిపిస్తుంది. దయచేసి ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. ఈ తర్వాత నేను చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది.

మొదటిది వెంటనే వచ్చేది. పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టిన పది నిమిషాలకో, అరగంటకో ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. పెదవులు, కళ్లు వాస్తాయి. వాంతి అవుతుంది. ఒక్కోసారి దగ్గు, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, బిడ్డ సొమ్మసిల్లడం. ఇది ప్రాణం మీదికి తెచ్చే రకం.

రెండోది ఆలస్యంగా వచ్చేది. తిన్న కొన్ని గంటలకో, మర్నాటికో, రెండు మూడు రోజులకో తెలుస్తుంది. విరేచనంలో రక్తపు చారలు, విరేచనాలు, గజ్జి లాంటి పొక్కులు ఎర్రబడడం. ఇందులో చాలా మట్టుకు ప్రాణభయం ఉండదు. ఒక్కదాన్ని మాత్రం మినహాయించాలి. పాలో, ఇంకొకటో పట్టిన గంట నుంచి నాలుగు గంటల లోపు వాంతి మీద వాంతి అయి, బిడ్డ తెల్లగా పాలిపోయి, చేతుల్లో వాలిపోతే, అది ఆలస్యంగా వచ్చినా తీవ్రమైనదే.

వెంటనే వచ్చేది ఒకటి. ఆలస్యంగా వచ్చేది ఒకటి. మీ బిడ్డది ఏ తీరో మీకు తెలుసా? తెలియకపోతే, ఆపేసిన తిండి మళ్లీ పెట్టే ముందు డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. వెంటనే వచ్చే తీరు అయితే మొదటి ముద్ద ఆసుపత్రిలోనే పెట్టాలి. బిడ్డను వాలిపోయేలా చేసిన ఆ వాంతుల తీరు అయినా ఆసుపత్రిలోనే. బిడ్డకు ఆయాసం, ఉబ్బసం ఉన్నా అంతే. మిగిలిన వాళ్లకు, అదీ డాక్టరు సరేనన్నాకే, ఇంట్లో మొదలుపెట్టవచ్చు. ఇంట్లోనా, ఆసుపత్రిలోనా అన్నది మనం తేల్చుకునేది కాదు. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మన ఇళ్లలో ప్రేమ ఎక్కువ. ఆ ప్రేమతోనే ఒక్కోసారి ప్రమాదం తెచ్చుకుంటాం. పెళ్లికి వెళ్తాం. పెద్దావిడ ఒకరు, "ఏం కాదులేవే, మేమంతా తినలేదా, పెరగలేదా" అని బిడ్డ నోట్లో పాయసం పెట్టేస్తుంది. లేదంటే అమ్మకు తెలియకుండా ఇంట్లోనే ఎవరో అన్నంలో ఒక చుక్క మజ్జిగ కలుపుతారు. కలిపి, ఏమీ కాలేదని చూపించాలనుకుంటారు. నా ముప్పై ఏళ్ల అనుభవంలో అర్ధరాత్రి పరుగున ఆసుపత్రికి తెచ్చిన పిల్లల్లో ఇలాంటి వాళ్లు ఉన్నారు. తెచ్చినవాళ్ల మొహాలు నేను మరచిపోలేను. ఆ పెద్దవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్లది పగ కాదు కదా. అందుకే అమ్మమ్మలకూ, నాయనమ్మలకూ, తాతయ్యలకూ చేతులు జోడించి చెబుతున్నాను. బిడ్డకు ఆ తిండి మళ్లీ పెట్టాలన్న మీ కోరిక న్యాయమైనదే. దాన్ని దాచకండి. కోడలితో, కూతురితో పైకి అనండి. "ఇంకా ఎన్నాళ్లు, డాక్టర్ని అడుగుదాం పద" అనండి. చాటుగా మాత్రం పెట్టకండి.

ఇంకో అపోహ. ఆవుపాలు పడకపోతే గేదెపాలు పట్టమంటారు. కాదంటే మేకపాలు. ఇవి ఒకదానికొకటి దగ్గర చుట్టాలమ్మా. ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లలు పదిమందిని తీసుకుంటే తొమ్మిదిమందికి మేకపాలు కూడా పడవు. గేదెపాలతోనూ అదే భయం. పాలు మార్చి చూడడం పత్యం విడవడం కాదు.

సరే. అలర్జీ పోతుందా అసలు? చాలామందికి పోతుంది. పసితనంలో వచ్చిన పాల అలర్జీ, గుడ్డు అలర్జీ ఎక్కువమంది పిల్లల్లో బడి వయసుకో, ఆ తర్వాత కొన్నేళ్లకో తగ్గిపోతాయి. వేరుశెనగ, అదే పల్లీ, అంత తేలిగ్గా వదలదు. అయిదుగురిలో ఒకరికి పోతుందనుకోవచ్చు. జీడిపప్పు, చేపలు, రొయ్యలు కూడా మొండివే. అందుకే ఏ తిండి అన్నదాన్ని బట్టి ఆశ పెట్టుకోవాలి, తేదీ పెట్టుకోవాలి.

ఇక్కడ మీ వంటింట్లోకి ఒకసారి వద్దాం. పచ్చి గుడ్డు కొడితే తెల్లసొన జారిపోతుంది. అదే గుడ్డు ఉడికిస్తే గట్టిపడి తెల్లగా ముద్దవుతుంది. ఏం జరిగింది? వేడికి దాని ప్రొటీన్ల ఆకారం మారిపోయింది. మన ఒంట్లో కాపలా కాసే కణాలు శత్రువును గుర్తుపట్టేది ఆకారం చూసే. ఆకారం మారితే కొందరు పిల్లల శరీరం దాన్ని గుర్తుపట్టదు, ఊరుకుంటుంది. అందుకే గుడ్డు పడని పిల్లలు పదిమందిలో ఏడుగురి దాకా, గోధుమపిండిలో కలిపి ఓవెన్‌లో బాగా కాల్చిన కేకు తినగలరు. పాలు పడని పిల్లల్లోనూ లెక్క దాదాపు ఇంతే.

అయితే ఒక్క మాట. నన్ను చాలామంది తల్లులు అడుగుతారు, "మేడమ్, పాలు బాగా మరగకాచాను, మూడు పొంగులు రానిచ్చాను, ఇక పట్టొచ్చా" అని. పట్టకూడదు. పాలలో కేసీన్ అని ఒక ప్రొటీన్ ఉంది. పాలలోని ప్రొటీన్లలో నూటికి ఎనభై వంతులు అదే. ఎంత మరగకాచినా అది పెద్దగా మారదు. పిండితో కలిసి, అరగంట పాటు ఓవెన్ వేడిలో కాలడం వేరు, గిన్నెలో పొంగడం వేరు. పెరుగు తోడుపెట్టినా ఆ ప్రొటీన్లు అందులోనే ఉంటాయి. మూడు పొంగులు వచ్చినా పాలు పాలే.

ఇలా కాల్చిన దాని నుంచి పచ్చిదాని వైపు మెల్లగా వెళ్లే దారిని డాక్టర్లు నిచ్చెన అంటారు. పాల నిచ్చెన, గుడ్డు నిచ్చెన. కింది మెట్టు మీద పాలు కలిసిన బిస్కెట్ చిన్న ముక్క. ఆ పైన పాలు పోసి కాల్చిన కేకు. ఇంకా పైకి వెళ్తే పనీర్, పెరుగు. చిట్టచివర గ్లాసుడు పాలు. గుడ్డుకైతే కింద కేకు, పైన గట్టిగా ఉడికిన గుడ్డు, ఆమ్లెట్, అన్నిటికంటే పైన సగం ఉడికిన గుడ్డు, పచ్చి సొనతో చేసే మయోనైజ్. ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఉండాలన్నది బిడ్డ ఒళ్లు చెబుతుంది, డాక్టరు చెబుతారు. పండక్కి చుట్టాలొస్తున్నారని రెండు మెట్లు ఒకేసారి దూకకూడదు. ఒక మెట్టు మీద పొక్కులో, విరేచనాలో వస్తే కంగారు పడక్కర్లేదు, కింది మెట్టుకు దిగి కొన్నాళ్లు అక్కడే ఉండాలి. బాగా కాలినది ముందు, పచ్చిది చివర. గుర్తుంటుంది కదా? బాగా కాలినది ముందు, పచ్చిది చివర.

ఇంట్లో మొదలుపెట్టమని డాక్టరు చెప్పిన రోజున కూడా కొంచెం జాగ్రత్త ఉండాలి. పొద్దున్నే పెట్టండి. పగలంతా బిడ్డ మీ కళ్ల ముందు ఉంటుంది. రాత్రి పడుకునే ముందు వద్దు. జలుబు, జ్వరం, దగ్గు ఉన్న రోజున వద్దు. ఊరు వెళ్లే రోజున అసలే వద్దు. ఒకసారి ఒక్కటే కొత్త తిండి. తిన్న వెంటనే పరుగులు, ఆటలు వద్దు, ఒక్కోసారి ఆ అలసటే అలర్జీని రేపుతుంది. ఏం పెట్టారో, ఎంత పెట్టారో క్యాలెండర్ మీద రాసుకోండి. పాలవాడి లెక్క రాసే క్యాలెండరే చాలు.

పాలిచ్చే తల్లుల సంగతి కూడా చెప్పాలి. రెండు మూడు నెలల బిడ్డ, తల్లిపాలు మాత్రమే తాగుతోంది, విరేచనంలో రక్తపు చారలు. ఆవుపాల ప్రొటీన్ తల్లి తిండి నుంచి ఆమె పాలలోకి వస్తుంది. అందుకని తల్లిని పాలు, పెరుగు మానమంటాం. బిడ్డకు తగ్గుతుంది. అక్కడితో అందరూ ఆగిపోతారు. బాలింత పత్యం మనకు అలవాటే కదా, ఇదీ అందులో కలిసిపోతుంది. నిజానికి రెండు నుంచి నాలుగు వారాల తర్వాత డాక్టరు చెప్పినట్టు తల్లి మళ్లీ పాలు తాగి చూడాలి. రక్తం మళ్లీ కనిపిస్తేనే అది పాల వల్ల అని రుజువు. కనిపించకపోతే ఆ తల్లి అనవసరంగా నెలల తరబడి పెరుగులేని అన్నం తిన్నట్టు. బిడ్డకు పాలిచ్చే ఒంటికి కాల్షియం తక్కువైనట్టు. ఆ తల్లి గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి.

ఇంకో రకం పిల్లలున్నారు. వీళ్ల గురించి నాకు దిగులు ఎక్కువ. ఏదో దురద వచ్చిందని ఒకే రక్తపరీక్షలో పదుల కొద్దీ తిండి పదార్థాలు చూపించే రిపోర్టు తెస్తారు. అందులో గోధుమ, సెనగపప్పు, టమాటా, వంకాయ, అన్నిటి పక్కనా ఎర్ర గుర్తులు. బిడ్డ నిన్నటిదాకా అవన్నీ కమ్మగా తింటూనే ఉంది. ఈ రోజు నుంచి అన్నీ బంద్. ఏడేళ్ల పాప ఒకత్తె ఇలాగే నా దగ్గరికి వచ్చింది. రిపోర్టు వచ్చాక బరువు తగ్గింది. అన్నం, బంగాళాదుంప తప్ప ఏమీ పెట్టడం లేదు. రక్తంలో గుర్తు కనబడినంత మాత్రాన అలర్జీ కాదు. తింటే ఒంట్లో ఏదైనా జరిగితేనే అలర్జీ. పైగా, బాగా తింటున్నదాన్ని ఊరికే ఆపితే ఒక నష్టం కూడా ఉంది. పాలు, గుడ్డు లాంటివి నెలల తరబడి ఆపి మళ్లీ పెట్టినప్పుడు, ముఖ్యంగా ఒంటి మీద గజ్జి లాంటి పొక్కులున్న పిల్లల్లో, అంతకుముందు లేని తీవ్రమైన అలర్జీ బయటపడవచ్చు. కాబట్టి కాగితం చూసి ఆపకండి. ఆపేసి ఉంటే, మీ అంతట మీరు మళ్లీ పెట్టకుండా డాక్టరుకు చూపించండి.

ఈ విషయంలో డాక్టర్లమైన మేము కూడా దారి మార్చుకోవాల్సి వచ్చింది. అలర్జీ ముప్పున్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల దాకా, వేరుశెనగ మూడేళ్ల దాకా పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో చెప్పింది. మేమూ అదే చెప్పాం. తర్వాత లండన్‌లో గిడియన్ లాక్ అనే డాక్టరు ఒక వింత గమనించాడు. బ్రిటన్‌లో ఉన్న యూదుల పిల్లల్లో వేరుశెనగ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లల్లో కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్‌లో పళ్లు రాని పసివాళ్లు కూడా నోట్లో కరిగిపోయే వేరుశెనగ చిరుతిండి తింటారు. దాని పేరు బాంబా. ఆయన బృందం 640 మంది పసిపిల్లలను అయిదేళ్ల వయసు వచ్చేదాకా గమనించింది. పసితనంలోనే వేరుశెనగ తిన్న గుంపులో, మానేసిన గుంపులో కంటే ఆ అలర్జీ చాలా తక్కువగా వచ్చింది. ఫలితం 2015లో ప్రకటించారు. 2000 నాటి ఆ సలహాను అంతకుముందే, 2008లోనే, వెనక్కి తీసుకున్నారు. పల్లీ చట్నీ ఇడ్లీ మీద పోసుకుని పెరిగిన మనకు ఇది ఆశ్చర్యమేమీ కాకపోవచ్చు. అయితే గట్టి పల్లీ గింజ పసిపిల్లల నోట్లో పెట్టకండి, గొంతులో ఇరుక్కుంటుంది. మెత్తగా నూరిందే పెట్టాలి.

ఇక ఆసుపత్రిలో తినిపించే రోజు ఎలా ఉంటుందో చెబుతాను. భయపడే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి.

ఒక నాలుగేళ్ల బాబు. తొమ్మిదో నెలలో పెరుగన్నం పెడితే దద్దుర్లు, పెదవి వాపు, వాంతి. అప్పటినుంచి ఆ ఇంట్లో పాలు, పెరుగు వాడి దగ్గరికి రాలేదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో కూడా పాలపొడి ఉంటుందని తెలిసి మానిపించారు. బిస్కెట్ ప్యాకెట్ కొంటే వెనక రాసింది చదివేవాళ్లు. మన దేశంలో 2020 నాటి నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, వేరుశెనగ లాంటివి ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలి. ఆ వరస చదవడం ఇంటిల్లిపాదీ నేర్చుకున్నారు. వాళ్ల నాయనమ్మకు పెరుగన్నం లేనిదే భోజనం చేసినట్టుండదు. మనవడు చూస్తే అడుగుతాడని ఆవిడ వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కతే తినేది. మూడేళ్లు అలా తింది.

ఏడాదికోసారి పరీక్ష చేశాం. చేతి మీద చేసే పరీక్షలో పొంగు తగ్గుతూ వచ్చింది. రక్తపరీక్షలో అలర్జీని చూపే అంకె తగ్గింది. ఇక చూద్దాం అనుకున్నాం. నేను చెప్పినన్ని రోజుల ముందు నుంచి దురద మందు ఆపేశారు, లేకపోతే అది లక్షణాలను కప్పేస్తుంది. పొద్దున్న ఆసుపత్రికి వచ్చారు. బీపీ, ఊపిరి చూశాం. మంచం పక్కన అడ్రినలిన్ ఇంజెక్షన్ బాబు బరువుకు లెక్కకట్టి సిద్ధంగా పెట్టాం. తీవ్రమైన అలర్జీకి మొదటి మందు అదే. తొడ బయటి వైపు, కండలోకి ఇస్తాం. దురద మందు దాని స్థానంలో పనికిరాదు. ఇంట్లో ఎప్పుడైనా బిడ్డకు ఊపిరి అందకపోతే, సొమ్మసిల్లితే, డాక్టరు మీకు అడ్రినలిన్ ఇచ్చి నేర్పి ఉంటే వెంటనే ఇవ్వండి, 108కి ఫోన్ చేయండి. బిడ్డను నిలబెట్టకండి, నడిపించకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. ఊపిరి ఆడక కూర్చుంటానంటే కూర్చోనివ్వండి.

బాబుకు ముందు కేకు పొడి చిటికెడు పెట్టాం. పావుగంట ఆగాం. ఇంకొంచెం పెట్టాం. మళ్లీ ఆగాం. వాళ్లమ్మ వాడి పొట్ట మీద చొక్కా ఎత్తి చూస్తూనే ఉంది, దద్దురు లేచిందేమోనని. కేకు ముక్క పూర్తయ్యాక ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టాం. వాడు బొమ్మ బస్సుతో ఆడుకున్నాడు. అంతే. ఆ రోజు గడిచింది. కొన్ని నెలలు ఇంట్లో కేకు తిన్నాక మళ్లీ పిలిచి, ఇదే పద్ధతిలో పాలు పట్టి చూశాం. అదీ గడిచింది.

అన్ని రోజులూ ఇలా గడవవు. దద్దుర్లు వచ్చి మధ్యలో ఆపిన రోజులున్నాయి, ఇంజెక్షన్ ఇచ్చిన రోజులున్నాయి. అప్పుడు ఇంకో ఏడాదికి తేదీ రాసుకుని వెళ్తారు. గడిస్తే మాత్రం ఆ తిండిని మళ్లీ అటకెక్కించకూడదు. వారంలో కొన్నిసార్లయినా ఇంట్లో తింటూ ఉండాలి. లేకపోతే శరీరం మళ్లీ తిరగబడవచ్చు.

ఆ బాబు ఇంట్లో అక్కడే చిక్కొచ్చింది. పాలు పడతాయని తేలింది, వాడు మాత్రం తాగనన్నాడు. పెరుగు వాసన చూస్తే ఏడ్చాడు. మూడేళ్లు అందరూ వాడికి "అది ముట్టుకోకు, చచ్చిపోతావ్" అని నేర్పారు. వాడు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఒక్క రోజులో మరచిపోమంటే ఎలా? పైగా పులుపు తెలియని నాలుక. ముక్కు మూసి పట్టించబోయారట. వద్దన్నాను. కేకు, బిస్కెట్ ఇష్టంగానే తింటున్నాడు, పాలు పోసి కలిపిన చపాతీ తింటున్నాడు, అవి ఆపకండి చాలన్నాను. నాయనమ్మను మాత్రం ఒక్కటి అడిగాను. ఇక తలుపు వేసుకోకండి, వాడి ఎదురుగా తినండి, తినమని మాత్రం అనకండి అని.

మొన్న వాళ్లమ్మ ఫోన్ చేసింది. రోజూ రాత్రి నాయనమ్మ హాల్లో చాప మీద కూర్చుని పెరుగన్నం తింటోందట, పక్కన మాగాయ వేసుకుని. వాడు వచ్చి ఆవిడ ఒళ్లో కూర్చుంటాడట. నెల రోజులు ఊరికే చూశాడు. తర్వాత ఒక రోజు మాగాయ అద్దిన మెతుకులు నాలుగు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మొహం చిట్లించాడు. మర్నాడు మళ్లీ నోరు తెరిచాడు. గిన్నెలో విడిగా పెట్టిస్తే ఇప్పటికీ తినడట. ఆవిడ కంచంలోంచి అయితే రెండు ముద్దలు.